జుమ్మేరాత్ మాఫీ

ఆదివారం పొద్దున్న ఇడ్లీపిండి కలుపుతుండగా ఫోన్ మోగింది. చేతినిండా పిండి, మోచేత్తోనే స్పీకర్ నొక్కాను. అటువైపు ఆపా, మేమంతా అక్కా అన్నట్టు అలా పిలిచే మనిషి. నేను పనిచేసిన బడిలో దీనియాత్, అంటే ముస్లిం పిల్లలకి వాళ్ళ మతపాఠం, చెప్పిన టీచరు. రిటైరయ్యాక మా మధ్య పండగ పలకరింపులు తప్ప పెద్దగా మాటల్లేవు. "మేడమ్, మావాడితో కలిసి హజ్‌కి వెళ్తున్నాను. బయల్దేరేముందు అందర్నీ అడుక్కుంటున్నాను. ఇన్నేళ్ళలో నావల్ల మీకు ఏ మాటైనా తగిలుంటే కహా సునా మాఫ్ చెయ్యండి" అంది. అన్నదీ విన్నదీ మన్నించమని. హజ్‌కి వెళ్ళేవాళ్ళు చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ, ఒకప్పుడు జుట్టూజుట్టూ పట్టుకున్నవాళ్ళకీ కూడా ఈ మాట చెప్పుకుని మరీ కదులుతారు. "అయ్యో, మీరు నన్నేమన్నారు ఆపా, మాఫ్, మాఫ్" అన్నాను. నా మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది, దువా చేస్తానంది, పెట్టేసింది. ఇంకొక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేది, దబాయించి ఊరుకునేదాన్ని.

ఇడ్లీలు పొయ్యిమీద పెట్టి వరండాలోకి వచ్చాను. వరండాలోంచి పెరట్లోకి వెళ్ళాను. ఆరిన బట్టలు తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి దులిపాను. మావారు స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసి ఇప్పుడు పేపరు ఒక్కటే డ్యూటీగా పెట్టుకున్న మనిషి. ఆయన పేపరు పక్కకి జరిపి, "ఏటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ. ఓపాలి కూకో" అన్నారు. కూర్చోలేకపోయాను. అడుగున నీళ్ళు ఇగిరిపోయి ఇడ్లీపాత్ర మాడిన వాసన వచ్చేదాకా నాకు పొయ్యి సంగతే గుర్తులేదు.

నా సంగతి ముందు చెప్పుకోవాలి. మాది భీమిలి అవతల ఒక వ్యవసాయపు ఊరు. అక్కడ బారసాలనాడు పెట్టే పేరు ఒకటి, ఊరు పిలిచే పేరు ఇంకొకటి. పోస్ట్‌మాన్ కార్డు మీది అసలు పేరు పైకి చదివితే, ఆ పేరుగల మనిషే అరుగుమీద కూర్చుని, "అలాటోళ్ళు ఈడ ఎవులూ నేరు" అని పంపేసిన సందర్భాలున్నాయి. కుంటివాడికి నడక మీద, నల్లవాడికి రంగు మీద, అప్పుడే పుట్టినవాడికి వాళ్ళ తాత మీద పేర్లు పడిపోయేవి. నన్ను పార అనేవారు, ముందుపళ్ళు కాస్త బయటికి ఉండేవి. అది నాది కాబట్టి చెప్పడానికి నాకు హక్కుంది. ఆ పేరుకి నేనెప్పుడూ బాధపడలేదనే చెబుతూ వచ్చాను. నా పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నోరు తెరిచి ఉండనన్న సంగతి మా కోడలు ఆల్బమ్ తిరగేస్తూ అడిగేదాకా నాకే తట్టలేదు. ఏమైనా, పేర్లు పెట్టడంలో మా ఊరి విద్య నాకు పూర్తిగా వచ్చింది. తెలుగు టీచర్నయ్యాక దానికి పదును కూడా పెట్టాను. పిల్లలు నా క్లాసంటే పడి చచ్చేవారు. ఎవరికి ఏ పేరు పడుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది, కాదని ఇప్పుడు అబద్ధమాడి ఏం లాభం.

బడి వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. నడిపేది ముస్లిం పెద్దల కమిటీ. పిల్లల్లో సగం ముస్లింలు, సగం హార్బర్ మీద బతికే ఇళ్ళవాళ్ళు. మొదటి పీరియడ్‌లో ముస్లిం పిల్లలకి దీనియాత్, మిగతావాళ్ళకి నా దగ్గర నీతిపాఠం. రెండు క్లాసులూ ఒకే పాత గోడౌన్‌లో. మధ్య గోడంటూ లేదు, వీపులు ఆనించి నిలబెట్టిన రెండు బీరువాలు, వాటి సందులో ఒక ఆకుపచ్చ గుడ్డ. ఆపా చెప్పేది మాకూ, నేను చెప్పేది వాళ్ళకీ వినబడేది. వచ్చీరాగానే బురఖా తీసి మేకుకి తగిలించి, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని మొదలెట్టేది ఆవిడ. గొంతు పెంచేది కాదు. "నమాజు తప్పితే అది నీకూ అల్లాకీ మధ్య రా. ఏడ్చి అడుక్కుంటే ఆయన వింటాడు. తోటిపిల్లని ఒక మాట అన్నావనుకో, ఆ పిల్ల మన్నించేదాకా ఆయన కూడా చెయ్యి పెట్టడు" అని చెప్పేది. నీతిపాఠంలో నేను, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. రాసి, చేతులు దులుపుకుని, ఆ తరవాతి పీరియడ్‌లో ఎవడికో పేరు పెట్టేదాన్ని.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి మరబోటు డ్రైవరు. ఇరవై ఏళ్ళు డీజిల్ ఇంజన్ పక్కన కూర్చునేసరికి ఆయనకి చెవులు సగానికి పైగా పోయాయి. తల్లి లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆయనకి వినబడాలంటే ఈ పిల్ల ఇల్లెగిరిపోయేలా మాట్లాడాలి. అదే గొంతు బడికీ వచ్చేది. దానికి అది గట్టి గొంతని కూడా తెలియదు, మాటంటే అంతే కాబోలు అనుకునేది. ఒకరోజు వానమీది పాఠం పైకి చదవమన్నాను. చదివింది. కిటికీ మీద పావురం లేచిపోయింది, బీరువాల అవతల ఆపా చెప్పేది ఆగిపోయింది. నా నాలుక మీదికి ఒక పేరు వచ్చింది. పోర్టులో షిఫ్టు మారేటప్పుడు ఊరంతా వినబడేలా మోగేదాని పేరు. ఇక్కడ రాయను, ఎందుకు రాయనో తరవాత చెబుతాను. క్లాసు గొల్లుమంది. పావుగంట నవ్వు ఆగలేదు. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వి, పుస్తకం మూసి, కూర్చుంది.

నెల తిరిగేసరికి ఆ పేరు బడిగేటు దాటి హార్బర్ దాకా పోయింది. ఆ పిల్ల మాట తగ్గుతూ వచ్చింది. మొదట సన్నగా, తరవాత గుసగుసగా, చివరికి హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే. నేను గమనించలేదని అనను. క్లాసు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

గమనించినది ఆపా. పిల్లలు వరండాలో ఆ పిల్లని చూసి నోటితో కూత కూయడం ఆవిడ కంటపడింది. గురువారాన్ని వాళ్ళు జుమ్మేరాత్ అంటారు, శుక్రవారపు నమాజుకి ముందురోజు. ప్రతి జుమ్మేరాత్ చివరి పీరియడ్‌లో, ఆ వారమంతా ఎవరు ఎవర్ని ఏమన్నారో గుర్తు తెచ్చుకుని వాళ్ళ దగ్గరికెళ్ళి మాఫీ అడగాలని పెట్టింది. పెద్దాళ్ళు హజ్‌కి ముందు చేసేది పిల్లలు వారానికోసారి చేస్తే నోరు అదే అదుపులోకి వస్తుందని ఆవిడ ఆశ. ఒక కుర్రాడు లేచి, ఆ పిల్ల మనవాళ్ళు కాదు కదా ఆపా, అడక్కపోయినా పర్లేదా అన్నాడు. "మనవాళ్ళయితే ఏ పెళ్ళిలోనో కనబడ్డప్పుడు బతిమాలుకోవచ్చు రా. బయటివాళ్ళని అంటే వాళ్ళింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు? ముందు ఆ పిల్లనే అడుగు" అంది ఆవిడ. బీరువాల ఇవతల నేను తల ఊపాను. బాగా చెప్పిందనే అనుకున్నాను.

ఆ జుమ్మేరాత్ జరిగింది నేను ఈ కళ్ళతో చూశాను. పిల్లలు వరసకట్టారు. ముస్లిం పిల్లలే కాదు, నా నీతిపాఠం పిల్లలు కూడా ఉత్సాహంగా వచ్చి చేరారు. ఒక్కొక్కరే ఆ పిల్ల ముందు నిలబడి, "నిన్ను ఫలానా అన్నాను, మాఫ్ చెయ్" అనడం, జరగడం. ఫలానా అన్నచోట ఆ పేరు. మొదటి నలుగురూ బుద్ధిగానే అన్నారు. ఐదోవాడికి నవ్వొచ్చింది. ఆ తరవాత ప్రతివాడూ ఆ పేరుని కాస్త సాగదీసి, కాస్త కూతపెట్టి అన్నాడు. అంతవరకు ఆ పేరు ఒక్కసారీ అనని పిల్లలు కూడా వరసలో నిలబడితే బాగుంటుందని వచ్చి అనేసి పోయారు. మాఫీ పేరుతో నలభైసార్లు విన్నది ఆ పిల్ల. బల్ల అంచు పట్టుకుని, ప్రతివాడికీ తల ఊపింది. ఆపా మొహం పాలిపోయింది. వరస మధ్యలో ఆపితే ఇంకా గోలవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో తేల్చుకునేలోపే బెల్లు కొట్టేశారు.

అందరూ పోయాక ఆకుపచ్చ గుడ్డ సందులోంచి చూశాను. ఆపా కిందకూర్చుని ఉంది. ఆ పిల్ల బెంచీ మీద, ఈవిడ నేలమీద. "తప్పు నాదమ్మా. మంచి చేద్దామని నిన్ను నలుగుర్లో నిలబెట్టాను. మాఫ్ చెయ్" అంటోంది. కమిటీ పెద్దలు కూడా లేచి నిలబడి సలాం చెప్పే మనిషి. పన్నెండేళ్ళ పిల్లని అలా అడుక్కుంటోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పిల్లల ముందు టీచర్లు ఇలా నేలమీద కూర్చుంటే రేపు మన మాట ఎవరు వింటారు అనుకుంటూ, చెప్పులు టకటకలాడించుకుంటూ బస్టాపుకి వెళ్ళిపోయాను.

తరవాతి వారం ఆ పిల్ల తండ్రి వచ్చాడు. బోటు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, జుట్టుకి ఇంకా ఉప్పునీటి తడి ఉంది. చేతిలో కవరు, అందులో నాకోసం రెండు చందువ చేపలు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడాడు. "మేడమ్, నా సెవులు పూర్తిగా పోనాయనుకున్నానండి. పిల్ల నోరు కదుపుతాది, నాకు మాట రాదు. పెద్దాసుపత్రికెల్లి సూపించుకున్నాను. ముందులాగే ఉన్నాయి, కొత్తగా ఏటీ పోలేదన్నారు. మరి నా పిల్లకేటయినాదండి? బళ్ళో ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

ఆయన వినడానికి చెయ్యి చెవి దగ్గర దోనెలా పెట్టుకుని, నా నోటికేసి చూస్తున్నాడు. మూలన ఆపా హాజరు పట్టీ రాసుకుంటోంది. నేను లేచి దగ్గరికెళ్ళి, ఆయనకి వినబడేలా గట్టిగా చెప్పాను. "ఏం లేదండీ. పెద్దపిల్లవుతోంది కదా. సిగ్గు. ఆడపిల్లలకి ఈ వయసులో మామూలే."

"సిగ్గా" అన్నాడాయన. ఎంత తేలికపడ్డాడో ఆ మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. "సిగ్గయితే పర్నేదు, మంచిదే. నానింకేటో అనుకున్నాను" అని నవ్వి, కవరు నా చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చందువలు పులుసు పెట్టాను. మావారు రెండోసారి వడ్డించుకుని, ఏ బోటువే ఇవి అని మెచ్చుకున్నారు. నేను కంచంలో కెలికి లేచిపోయాను.

మర్నాడు ఆపా నా బల్ల దగ్గరికి టీ తెచ్చి పెట్టింది. అటూ ఇటూ చూసి, మెల్లిగా, "పిల్లల చేత సరిగ్గా అడిగిస్తాను మేడమ్. అయినా ఇంకొకరు మిగిలారని ఆ పిల్ల మనసులో ఉంది. ఎవరని నేను అడగలేదు, అడగను కూడా. వాళ్ళు మీకు తెలిసినవాళ్ళయితే కాస్త చెప్పండి" అంది. అవతలివాళ్ళ తప్పు బయటపెట్టకుండా కప్పడం కూడా వాళ్ళ చదువులో ఉందట, ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. "అలాగే, చెబుతాను" అన్నాను. టీ తాగాను. ఎంత మర్యాదగా పట్టేసిందీ ఈవిడ అని నాలుగు రోజులు ఆవిడతో ముక్తసరిగా కూడా ఉన్నాను.

ఆపా తన పద్ధతి మార్చుకుంది. మాఫీ అడిగేటప్పుడు ఎవరూ దగ్గర ఉండకూడదు. అన్న మాట మళ్ళీ నోట రాకూడదు, వస్తే మళ్ళీ అన్నట్టే లెక్క. మనిషిని సొంత పేరుతో పిలిచి అడగాలి. అవతలివాళ్ళు ఇవ్వనంటే తిరిగొచ్చెయ్యాలి, పీకల మీద కూర్చోకూడదు. అక్కడితో అయిపోలేదు. ఏ చోట ఆ మనిషిని చులకన చేశావో అదే చోట, అదే మనుషుల ముందు, ఆ మనిషి గురించి ఒక మంచి మాట చెప్పాలి, అదీ నిజమైనదే. ఈ ఆఖరిదే పిల్లల ప్రాణం మీదికి వచ్చింది. ఒకడు వరండాలో నిలబడి, ఆ పిల్ల చెప్పులు బాగుంటాయి అన్నాడు. చెప్పులు కొన్నది వాళ్ళ నాన్న, మళ్ళీ ఆలోచించుకు రా అని పంపేసింది ఆపా. వాడు రెండు రోజులు ఆ పిల్లనే గమనించి, పెన్సిల్ అడిగితే తనకున్నవాటిలో చెక్కింది ఇచ్చి మొద్దుది తను ఉంచుకుంటుందని కనిపెట్టుకొచ్చాడు. మంచి చెప్పాలంటే మనిషిని చూడాలి కదా. ఏడాది చివర్లో యారాడ నుంచి ఒక బొద్దుపిల్లాడు కొత్తగా చేరాడు. మొదటిరోజే ఒకడు నోరు తెరవబోతే పక్కవాడు మోచేత్తో పొడిచి, "ఇక్కడ పేర్లు పెట్టం రా" అన్నాడు. నా క్లాసులోనే. నా ఎదురుగానే.

ఆ పిల్ల పరీక్షలయ్యేసరికి పిల్లలతో మళ్ళీ మాట్లాడేది, సన్నగా. నాతో మాత్రం అడిగినదానికే జవాబు. తరవాత పైబడికి వెళ్ళిపోయింది. అందరూ అడిగారు, మిగిలిన ఒకరికి ఆ మాట చెబుతానని ఒప్పుకున్న నేను, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అంటూ పదేళ్ళు లాగేశాను.

మాడిన ఇడ్లీలు మావారి ముందు పెట్టి, చీర మార్చుకుని బస్సెక్కాను. ఎక్కడికంటే వన్‌టౌన్‌కి అన్నాను, ఆదివారం వన్‌టౌన్‌లో ఏటుందని అడుగుతుండగానే గేటు వేసేశాను. గాజువాకలో బస్సు కదలనే కదలలేదు. కండక్టరు చిల్లర కోసం సతాయించాడు. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేక రాడ్ పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల డిగ్రీ చదివి కళ్ళజోళ్ళ షాపులో చేస్తోందని, ఇల్లు మారలేదని, ఒక రంజాన్‌కి ఆపాయే మాటల్లో చెప్పింది. ఊరికే చెప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది.

హార్బర్ దగ్గర ఆదివారం కొనుగోళ్ళ జనం. ఐసు పెళ్ళలు, బురద, వేలంపాటల గోల దాటి వెనక వీధిలోకి వెళ్ళాను. ఆయన గుమ్మంలో పీట మీద కూర్చుని ఏదో ఇంజన్ ముక్క గుడ్డతో తుడుస్తున్నాడు. బోటుకి వెళ్ళడం మానేసినట్టున్నాడు. నన్ను చూసి పోల్చుకుని లేచాడు, దణ్ణం పెట్టాడు. బాగున్నారా అని గట్టిగా అడిగాను. చెయ్యి చెవి దగ్గర పెట్టుకోలేదాయన. నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపి, లోపలికి చూపించాడు.

ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. పొడుగైంది. వంటింటి గుమ్మంలో ఇద్దరమే నిలబడ్డాం. సొంత పేరుతో పిలిచాను. నేను పెట్టిన పేరు ఎత్తలేదు. "ఏడో తరగతిలో నిన్ను ఒక మాటన్నాను. ఆ తరవాత మీ నాన్నకి అబద్ధం చెప్పాను. మాఫ్ చెయ్యమ్మా" అన్నాను. ఏకవచనంలో ఆజ్ఞాపించడమే తప్ప అడగడం రాని గొంతు నాది.

ఆ పిల్ల గ్లాసు వైపు చూస్తూ, "అందరూ అడిగేసినారు టీచర్. మీరే మిగిలిపోనారు" అంది, ఎంతో మెల్లిగా. "నాన్న మీ మాట నమ్మీసినారు. సిగ్గులే అని ఇంకేటీ అడిగీవోరు కాదు. నాను గట్టిగా మాటాడ్డం మానీసినాను. అప్పుడు గట్టిగా అంటే ఆయనకి ఇనబడీది టీచర్. రెండేళ్ళ కిందట మొత్తం పోనాయి" అంది.

"మాఫ్ టీచర్" అంది ఆ పిల్ల. బళ్ళో నేర్చుకున్న మాట, బళ్ళో చెప్పినట్టే తల ఊపి చెప్పింది.

బయటినుంచి ఆయన, "ఏటంతన్నారే టీచరు?" అని కేకేశాడు. ఆ పిల్ల వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. రోజూ సైగలతోనో, ఫోన్‌లో రాసి చూపించో చెబుతుందనుకుంటాను, జాకెట్టులోంచి ఫోన్ తీసింది కూడా. ఏమనుకుందో, ఫోన్ మళ్ళీ దోపేసి, ఆయన మొహానికెదురుగా వంగి, "నన్ను సూడ్డానికొచ్చినారు నాన్నా" అంది. ఆ గొంతే. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. గోడ మీది కాకి లేచిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆయన దాని పెదాలకేసి చూసి, సగం అర్థమై, సంతోషంగా తల ఊపాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కూర్చున్నాను. ఆ పిల్ల ఇవ్వాల్సింది ఇచ్చేసింది, ఆపా హజ్ నుంచి వచ్చాక కళ్ళెత్తి చూడగలను. ఆ కేక తండ్రి చెవిలో పడాల్సిన ఎనిమిదేళ్ళని మాత్రం ఒక పావుగంట నవ్వు కోసం నేను వాడేసుకున్నాను.